తుప్పు వదిలించి ఇద్దాం

యొర్దాను ఒడ్డున ఒకడు మ్రాను నరుకుతుండగా గొడ్డలి ఊడి నీళ్లలో పడింది. అది ఎరువు తెచ్చుకున్నది. అయ్యో అని అతడు మొరపెట్టాడు. ఎలీషా ద్వారా దేవుడు ఆ ఇనుమును నీటిపై తేలేలా చేశాడు (2 రాజులు 6:1-7). ఎర్రసముద్రాన్ని పాయలు చేసిన దేవునికి ఒక పేదవాని పనిముట్టు చిన్న విషయం కాలేదు. తిరగలిని తాకట్టు పట్టడమంటే మనిషి బతుకునే తాకట్టు పట్టడమని ధర్మశాస్త్రం హెచ్చరించింది (ద్వితీ 24:6). అలాగైతే పనిముట్టునివ్వడం బతుకునివ్వడమే కదా!

ఇంగ్లండులోని ఇప్స్‌విచ్ కేంద్రంగా ‘టూల్స్ విత్ ఎ మిషన్’ అనే క్రైస్తవ సంస్థ ఈ పనే చేస్తోంది. ఇళ్లలో ఊరకే పడివున్న రంపాలు, సుత్తులు, ఉలులు, కుట్టుమిషన్లు సేకరిస్తుంది. వాలంటీర్లు వాటికి తుప్పు వదిలించి, పదును పెట్టి, మరమ్మతు చేస్తారు. వడ్రంగానికి కావలసినవి వేరుగా, కుట్టుపనికి కావలసినవి వేరుగా సర్ది ఓడల్లో ఉగాండా, జాంబియా వంటి ఆఫ్రికా దేశాలకు పంపుతారు. పని నేర్చినా పనిముట్లు కొనలేని పేదలకు అవే పెట్టుబడి.

ఇక్కడ మనం గమనించవలసిన సంగతి ఒకటుంది. పాతది ఇవ్వడం తప్పు కాదు, పనికిరానిది ఇవ్వడమే తప్పు. గుడ్డిదాన్ని, కుంటిదాన్ని బలిగా తెచ్చినవారిని, మీ అధికారికైతే ఇది ఇవ్వగలరా అని ప్రభువు నిలదీశాడు (మలాకీ 1:8). వదిలించుకోవడం వేరు, అర్పించడం వేరు. ఆ రెంటికీ నడుమ ఉన్నది సాన పట్టిన చేతుల శ్రమ.

సముద్రం దాటించి సాయం చేయడం తెల్లవారి పని అనుకుంటాం. బడులు, ఆస్పత్రులు అటునుండి వచ్చాయి గనుక పుచ్చుకోవడమే మనకు అలవాటైంది. కాని 1903లోనే నెల్లూరు ప్రాంతం నుండి జాన్ రంగయ్యగారు దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు వెళ్లి, ఒప్పంద కూలీలుగా చేరిన తెలుగువారి మధ్య సేవ చేశారు. ఆయనను పంపింది తెలుగు బాప్తిస్టులే.

ఉప్మాక నుండి ఒక ఉలిని ఆఫ్రికాకు పంపాలంటే దాని ధరకన్నా రవాణా ఖర్చే ఎక్కువ కావచ్చు. అందుకని చేతులు ముడుచుకోనక్కరలేదు. ఇంగ్లండులో ఉన్న మన పిల్లలను అలాంటి సంస్థలో శనివారం రెండు గంటలు పనిచేయమని చెప్పవచ్చు. ఇక్కడ ఉప్మాకలో, నక్కపల్లిలో, పాయకరావుపేటలో ప్రతి సంఘంలోనూ మిషను బాగుచేయగల తమ్ముడో, రంపానికి పళ్లు తీయగల పెద్దాయనో ఉంటారు. ఆరాధన ముగిశాక వారి దగ్గర కూర్చుందాం. అటక మీది మిషను బాగై పక్కవీధి విధవరాలి ఇంట తిరిగితే ఆమె పిల్లలు ఎవరి ముందూ చేయి చాచరు.

ఈ వారం అటక మీద ఏముందో చూద్దాం. తుప్పు మాత్రం మనమే వదిలించి ఇద్దాం.