పేపర్లు ఎన్ని? పేరు ఎవరికి?

మొన్నొక పెళ్ళిచూపులకు మా వదినగారితో వెళ్ళాను. అబ్బాయి వైద్య పరిశోధన చేస్తున్నాడు. "జీతం ఏమాత్రమండీ?" అని వదిన అడిగితే, "మావాడివి ఇరవై పేపర్లు అచ్చయ్యాయి, మూడొందల సైటేషన్లు కూడానూ" అన్నారు వాళ్ళమ్మగారు గర్వంగా. మా ఇద్దరికీ ఒక్క ముక్క బోధపడలేదు. తర్వాత అడిగి తెలుసుకున్నాను.

శాస్త్రజ్ఞుడు తాను కనుక్కున్నది రాసి శాస్త్ర పత్రికలో అచ్చువేయిస్తే అది పేపరు. మరొకరు తమ వ్యాసంలో "ఈ సంగతి ఫలానావారు చెప్పారు" అని దాన్ని చూపిస్తే అదొక సైటేషను. వీటిని లెక్కగట్టే సూచికను 1964లో అమెరికాలో యూజీన్ గార్‌ఫీల్డ్ అనే ఆయన మొదలుపెట్టారు. ఇప్పుడు చాలాచోట్ల ఉద్యోగాలకూ ప్రమోషన్లకూ ఈ లెక్కే చూస్తున్నారు.

మరి లెక్క పెద్దదైతే మనిషి గొప్పవాడేనా? మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సంగతి చూడండి. 1925లో అమెరికాలోని హార్వర్డులో ఫిస్క్ అనే ఆయనతో కలిసి, రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరం ఎంతుందో కొలిచే పద్ధతి ప్రకటించారు. బట్టలకు నీలిమందు పెట్టేటప్పుడు బకెట్లో నీళ్ళ రంగు చూసి మందు పాలు ఎంతో పోల్చుకుంటాం కదా? ఇదీ అంతే. మందులు కలిపితే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువన్నమాట. ప్రయోగశాలల్లో అందరికీ పనికొచ్చే పద్ధతి కనుక వేలాది వ్యాసాల్లో దాన్ని చూపించారు.

పద్ధతి చెప్పే వ్యాసాలకే ఈ రాశి! 2014లో నేచర్ పత్రిక, ఎక్కువ సైటేషన్లు వచ్చిన 100 వ్యాసాల జాబితా వేసింది. మొదటిది 1951లో లౌరీ బృందం ప్రోటీన్ కొలిచే పద్ధతి మీద రాసినది. మూడు లక్షలు దాటాయి. డి.ఎన్.ఏ. మెలితిరిగిన నిచ్చెనలా ఉంటుందని 1953లో లోకానికి చాటిన వ్యాసం ఆ వందలో లేనేలేదు! సాంబారు రోజూ కాస్తాం గానీ, మొదట ఎవరు కాచారో ఎవరం చెబుతాం?

అంత పేరున్న పద్ధతి ఇచ్చినా సుబ్బారావుగారికి హార్వర్డులో ఉద్యోగం ఖాయం కాలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీకి వెళ్ళారు. కడుపుతో ఉన్నప్పుడు డాక్టరమ్మ రాసే ఫోలిక్ ఆసిడ్ మాత్ర ఉందే, ఆ మందును అక్కడ ఆయన బృందమే తయారుచేసింది. 1945 నాటి ఆ వ్యాసంలో ఆయన పేరు చాలా పేర్ల నడుమ ఎక్కడో ఉంటుంది. 1948లో ఆరియోమైసిన్ మందును ఆయన కింద పనిచేసిన డగ్గర్ తన పేరుమీదే ప్రకటించారు. అదే ఏడు జూన్‌లో, పసిపిల్లల రక్త కాన్సరుకు అమినోప్టెరిన్ వాడి కొంతకాలమైనా గుణం చూపించిన ఫార్బర్ వ్యాసం వచ్చింది. మందు తయారైంది సుబ్బారావుగారి విభాగంలో. రచయితల్లో ఆయన పేరు లేదు. కనుక ఆ వ్యాసాన్ని ఎంతమంది చూపించినా ఆయన ఖాతాలో ఒక్కటీ పడదు. ఆ ఆగస్టులోనే, 53వ ఏట, ఆయన కన్నుమూశారు.

ఇదంతా చెబితే వదిన కాసేపు ఊరుకుని, "అయితే ఆ అబ్బాయిని దేనిమీద పనిచేస్తున్నావు బాబూ అని అడగాల్సింది" అంది. వచ్చే ఆదివారం మళ్ళీ వెళ్తున్నాం.