ముందోలు చాటున దాగే పుండు

పురుషాంగ క్యాన్సర్ ఎక్కువగా అంగం కొన మీదో, దాన్ని కప్పి ఉండే ముందోలు లోపలి వైపో మొదలవుతుంది. 2020లో ప్రపంచం మొత్తం మీద సుమారు 36 వేల మందికి ఇది కొత్తగా వచ్చిందని అంచనా. అరుదైన జబ్బే. పసితనంలో సుంతీ జరిగినవారిలో మరీ అరుదు. పెద్దయ్యాక చేయించుకుంటే అంత రక్షణ ఉండదు.

ఒమన్‌లో హజర్ కొండల చెంత ఉన్న పాత రాజధాని రుస్తాఖ్‌లో స్థానికుల మగపిల్లలకు సుంతీ ఆనవాయితీ. బతుకుతెరువు కోసం గల్ఫ్ వెళ్లే తెలుగువారిలో చాలామందికి ఆ ఆచారం లేదు. అంతమాత్రాన భయపడక్కర్లేదు, సుంతీ కోసం పరుగెత్తక్కర్లేదు. ముందోలు సులువుగా వెనక్కి వచ్చి, రోజూ శుభ్రపడుతుంటే ముప్పు బాగా తగ్గుతుంది. స్నానంలో దాన్ని మెల్లగా వెనక్కి జరిపి, మామూలు నీళ్లతో కడిగి, తడి అద్ది, మళ్లీ ముందుకు తెచ్చేయాలి. అలా తేకుండా వదిలేస్తే కొన చుట్టూ బిగుసుకుని వాచిపోతుంది. అప్పుడు వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిందే. ఎండలో చెమటోడ్చి పనిచేసేవారికి ఈ కడుగుడు ఒక్కరోజు కూడా తప్పకూడదు.

పసివాళ్లలో ముందోలు కొనకు అంటుకుని ఉండటం సహజం. బలవంతంగా లాగితే చిట్లుతుంది. పెద్దవారిలో వెనక్కి రాకపోతే దాన్ని ఫైమోసిస్ అంటారు. అసలు ముప్పు ఇక్కడుంది. లోపల పేరుకునే తెల్లటి మడ్డే క్యాన్సర్ తెస్తుందని ఒకప్పుడు అనుకునేవారు. ఇప్పుడు వైద్యులు ఏళ్ల తరబడి మానని వాపునే ప్రధానంగా తప్పుపడుతున్నారు. పైగా బిగుసుకున్న చర్మం కింద పుండు పుట్టినా కంటికి కనబడదు. దాదాపు సగం కేసుల్లో హెచ్‌పీవీ వైరస్ పాత్ర ఉంటుంది. పొగతాగడం ముప్పును ఇంకా పెంచుతుంది. ముందోలు మాటిమాటికీ చిట్లుతూ మంటపుడుతుంటే షుగర్ పరీక్ష చేయించాలి. కొందరిలో మధుమేహం బయటపడేది ఇలాగే.

క్యాన్సర్ మొదట్లో నొప్పి పుట్టించకపోవచ్చు. మానని చిన్న పుండు, ఎర్రటి మచ్చ, కాయలాంటి గడ్డ, ముందోలు కింద నుంచి దుర్వాసనతో చీము, నెత్తురు, గజ్జల్లో బిళ్లలు, వీటిలో ఏది కనిపించినా అనుమానించాలి. సుఖరోగమేమోనన్న సిగ్గుతో ఎవరికీ చెప్పకుండా, దొరికిన పూతమందేదో రాసుకుంటూ నెలలు గడపడమే అన్నిటికన్నా పెద్ద నష్టం. చిన్న ముక్క తీసి బయాప్సీ చేస్తే సంగతి తేలిపోతుంది. తొలిదశలో డాక్టరు రాసే పూతమందు, లేజర్, చిన్న కోతతో అంగాన్ని కాపాడవచ్చు. ముదిరితే కొంత భాగాన్నో, మొత్తాన్నో తొలగించాల్సి వస్తుంది. గజ్జల బిళ్లలకు పాకితే వాటినీ తీయాలి. స్వదేశం వచ్చినవారికి హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, విశాఖలో హోమీ భాభా ఆసుపత్రి ఉన్నాయి. అయితే మూడు వారాలైనా మానని పుండును సెలవు దొరికేదాకా దాచిపెట్టుకోకుండా, ఉన్న ఊళ్లోనే డాక్టరుకు చూపించుకోవాలి.