క్రీడారంగమున స్త్రీలు: ఆకర్షణ యెందున్నది?

స్త్రీల యాటలను జూచుటకు జనులు రారని కొందఱును, వచ్చినను ఆటను గాక క్రీడాకారిణుల యందచందములను జూచుటకే వత్తురని మఱికొందఱును వాదించుచుందురు. ఈ రెండు వాదములును పైకి విరుద్ధములుగ గన్పట్టినను వీని మూల మొక్కటియే. బలముగాని, నేర్పుగాని, పోరాటపటిమగాని స్త్రీకి సహజములు కావను దురభిప్రాయమే యది. చరిత్రను దిరుగవేసి చూచినయెడల ఈ యభిప్రాయ మెంత నిరాధారమైనదో తేటతెల్లము కాగలదు.

మొదటి ప్రపంచయుద్ధకాలమున ఇంగ్లండులోని ప్రెస్టను పట్టణమున డిక్, కెర్ కర్మాగారమునందు పనిచేయు స్త్రీలు ఫుట్‌బాలు జట్టు నొకదాని నేర్పఱచుకొని, ధర్మకార్యములకై ఆడి విరాళములు ప్రోగుచేయుచుండిరి. 1920 డిసెంబరు 26వ తేదీన లివర్‌పూలులోని గుడిసన్ పార్కున వా రాడిన యాటను జూచుటకు 53,000 మంది వచ్చిరి. చోటు చాలక వెలుపలినుండియే వెనుదిరిగినవారు వేలకొలది. ఈ దృశ్యమును జూచి క్రీడాధికారులు సంతసించిరా? లేదు. ఏడాది తిరుగకమున్నే, 1921 డిసెంబరు 5వ తేదీన, ఈ క్రీడ స్త్రీలకు దగదని తీర్మానించి తమ యధీనమందలి మైదానముల ద్వారములను మూసివైచిరి. అవి తిరిగి తెఱచుకొనుటకు అర్ధశతాబ్దము పట్టెను. జనులు రానందున మైదానము మూతపడలేదు. మైదానము మూసినందుననే జనులు రాలేకపోయిరి.

ఇట్టి యపచారమున పత్రికలకును భాగము గలదని యొప్పుకొనక తప్పదు. 1928లో ఆమ్‌స్టర్‌డాం ఒలింపిక్ క్రీడలయందు స్త్రీలకు ప్రథమముగ పరుగుపందెములు ప్రవేశపెట్టబడెను. 800 మీటర్ల పందెమున జర్మనీ దేశీయురాలు లీనా రాడ్కె 2 నిమిషముల 16.8 సెకండ్లలో గమ్యము జేరి ప్రపంచమున నూతన ప్రమాణమును నెలకొల్పెను. కాని పలు పత్రికలు ఆమె విజయమును వదలి, పందెము ముగిసిన పిమ్మట అలసి కూలబడినవారిని గూర్చి గోరంతలు కొండంతలు చేసి వ్రాసెను. పరుగు ముగించి పురుషుడు నేలగూలిన నది వీరత్వము. స్త్రీ కూలిన నది దౌర్బల్యము! తత్ఫలితముగ 1960 రోము క్రీడలవఱకు ఆ పందెము స్త్రీలకు లేకపోయెను.

అయినచో నిజమైన యాకర్షణ యెందున్నది? ఏ యాట కా యాటకు అది వేఱు. బరువులెత్తు పోటీయందు చూపఱుల యూపిరి నిలుపునది ఒక్క క్షణము. శ్రీకాకుళముజిల్లా యాడబిడ్డ కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీయందు 69 కిలోల తరగతిలో 110 కిలోలను, పిదప 130 కిలోలను ఎత్తి, మొత్తము 240 కిలోలతో కాంస్యపతకము గొనెను. భారతస్త్రీకి లభించిన తొలి ఒలింపిక్ పతక మదియే. స్త్రీలకు ఆ క్రీడయం దొలింపిక్ ప్రవేశము లభించినదియు ఆ యేటనే. తుదిసారి 137.5 కిలోలకు బూనుకొని ఆమె కృతార్థురాలు కాలేదు. చేజిక్కిన పతకముతో తృప్తి నందక స్వర్ణమునకై చేసిన యా సాహసమును జూచి యుప్పొంగినవారు, అది స్త్రీ చేసినదా, పురుషుడు చేసినదా యని తర్కించుచు గూర్చుండిరా?

బాడ్మింటను సొగసు వేఱు. ఇందు ఓర్పునకును, ఎత్తుగడకును, వేగమునకును సమానస్థానము. 2017 ఆగస్టులో గ్లాస్గోనగరమున ప్రపంచపోటీల తుదియాటలో పూసర్ల వెంకట సింధు జపానీయురాలు నొజోమి ఒకుహరాతో 110 నిమిషములు పోరాడి 19-21, 22-20, 20-22తో ఓడెను. రెండేండ్లకు బాసెల్ నగరమున అదే పోటీల తుదియాటలో, అదే ప్రత్యర్థిని 21-7, 21-7తో గెల్చి, ఆ క్రీడలో ప్రపంచవిజేతయైన తొలి భారతీయురాలయ్యెను. ఓటమిని మ్రింగి గెలుపునకు నడచిన యా రెండేండ్ల తపస్సే చూపఱను గట్టివైచునది.

క్రికెట్టున ఆకర్షణ యొక్కరిది గాదు, జట్టుది. 2017 జూలై 23వ తేదీన లార్డ్సు మైదానమున మిథాలీరాజు నాయకత్వమున మన స్త్రీలు ప్రపంచకప్పు తుదియాటలో 229 పరుగుల లక్ష్యమును వెన్నాడుచు 3 వికెట్లకు 191 చేసి, మిగిలిన యేడు వికెట్లను 28 పరుగులకే కోల్పోయి, 9 పరుగుల తేడాతో ఓడిరి. ఆ రాత్రి దేశమున నిదురపట్టని యిండ్లెన్నియో! 2025 నవంబరు 2వ తేదీన నవీముంబయిలో దక్షిణాఫ్రికాను 52 పరుగులతో ఓడించి ఆ కప్పును సాధించిన జట్టులో కడపజిల్లా యువతి శ్రీచరణియు నుండుట మనకు గర్వకారణము.

రూపమే యాకర్షణయని నమ్మువారు క్రీడకు చేయు ద్రోహము చిన్నది కాదు. 2021లో ఐరోపాఖండమున సముద్రతీరపు ఇసుకపై జరిగిన హ్యాండ్‌బాలు పోటీలయందు, నిర్ణీతమైన కురుచ దుస్తులకు బదులు నిక్కరులు ధరించినందులకు నార్వే స్త్రీలజట్టునకు 1,500 యూరోల జుల్మానా విధింపబడెను. ఆటలో దోషము లేదు. ఒంటిపై బట్ట యెక్కువైనదనుటయే నేరము! లోకము గర్హించుటతో ఆ యేటనే నిబంధన సవరింపబడెను. మన దేశమున స్థితి దీనికి విపరీతము. బట్ట చాలలేదని బాలికలను మైదానమునుండి వెనుకకు బిలుచు పెద్దలు గలరు. ఒకరు తగ్గింపుమందురు, మఱొకరు పెంపుమందురు. ఆడవలసినయామె నడుగువారు లేరు.

2022 అక్టోబరులో భారత క్రికెట్టు మండలి స్త్రీపురుషులకు ఆటవేతనమును సమానము చేసెను. టెస్టునకు 15 లక్షలు, ఏకదినపోటీకి 6 లక్షలు, ట్వంటీ20 పోటీకి 3 లక్షలు. ఇది శ్లాఘనీయము. కాని 2024-25 వార్షికపు టొప్పందములయందు పురుషుల యగ్రశ్రేణికి 7 కోట్లును, స్త్రీల ప్రథమశ్రేణికి 50 లక్షలును ఉండెను. న్యాయము సగము దారిలోనే నిలిచినదని దీనివలన విశదము కాగలదు.

వరంగల్లుజిల్లా కల్లెడ గ్రామమున కూలిపని చేసికొను తలిదండ్రులకు జన్మించి, బుద్ధిమాంద్యము గలదని ఇరుగుపొరుగువారి యెగతాళికి గుఱియైన జీవంజి దీప్తి 2024లో పారిస్ పారాలింపిక్ క్రీడలయందు 400 మీటర్ల పరుగున కాంస్యపతకము గెల్చెను. బడి పోటీలలో ఒక శిక్షకుని చూపు ఆమెపై బడకున్నచో ఆ కాళ్ల వేగ మెవ్వరికి దెలిసియుండును? అట్టి చూపు సోకని దీప్తు లెందఱు మన పల్లెలయం దున్నారో!

కావున విజయోత్సవములతో సరిపుచ్చుకొనరాదు. ప్రతి యున్నతపాఠశాలయందును బాలికలకై మైదానమున నొక గంట, వారి కొక శిక్షకురాలు, వారి దుస్తులపై వారికే స్వాతంత్ర్యము ఉండవలయును. పత్రికలు ఆమె చేసిన పరుగులను ముందు వ్రాసి, తక్కినవి అవసరమైననే వ్రాయవలయును. మైదానపు తలుపులు తెఱచియుంచుట మన వంతు. లోపలికి బోయి మన కన్నులను కట్టివేయుట యెట్లో మన యాడబిడ్డలకు ఒకరు నేర్పనక్కఱలేదు.