ఎంత ఇంజనుకు అంత గాలి

నెల్లూరు జిల్లా బోగోలు మండలం మీదుగా ఒకవైపు చెన్నై రైలుమార్గం, మరోవైపు 16వ నంబరు జాతీయ రహదారి సాగిపోతాయి. ఇక్కడి బిట్రగుంట ఒకప్పుడు ఆవిరి ఇంజన్ల షెడ్డుకు పేరుమోసిన ఊరు. ఇప్పుడు రహదారి మీద కొత్త కార్లు దూసుకుపోతుంటే కుర్రకారు అడిగే ప్రశ్న ఒకటే: కంపెనీ ఇచ్చిన ఇంజనుకు సూపర్‌ఛార్జర్ బిగిస్తే ఎన్ని హార్స్‌పవర్ దాకా భయం లేదు? ఈ విశేషాలు చదవండి, జవాబు మీకే తెలుస్తుంది.

ఆవిరికి ఉన్న గీత

మన దేశంలో గూడ్సు బండ్లను ఏళ్ల తరబడి లాగిన డబ్ల్యూజీ రకం ఆవిరి ఇంజన్ల బాయిలరు పీడనం చదరపు అంగుళానికి 210 పౌన్లు. అది దాటితే సేఫ్టీ వాల్వు తనంతట తానే తెరుచుకుని ఆవిరిని బయటికి వదిలేసేది. బాయిలరులో నీరు తగ్గితే కొలిమి కప్పులోని సీసపు బిరడా కరిగి, ఆవిరీ నీరూ మంట మీదకు చిమ్మేవి. బలం పెంచే ప్రతి యంత్రానికీ ఇలాంటి గీత ఒకటి ఉండాలి.

బలం పెట్రోలుది కాదు, గాలిది

కారు ఇంజనులో ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. పెట్రోలు ఎంతైనా పోయవచ్చు. గాలిని సిలిండరులోకి పంపడమే కష్టం. సముద్రమట్టం దగ్గర గాలి పీడనం చదరపు అంగుళానికి 14.7 పౌన్లు. తీరాన ఉన్న బోగోలులో ఇంజనుకు ఆ గాలి నిండుగా దొరుకుతుంది. అదే కారు 3,500 మీటర్ల ఎత్తున్న లేహ్‌కు వెళితే అక్కడి గాలి పీడనం ఇందులో మూడింట రెండొంతులే. అందుకే కొండల్లో బండి నీరసిస్తుంది.

కొలిమి ఊదే యంత్రమే

అమెరికాకు చెందిన రూట్స్ సోదరులు 1860లో గాలి ఊదే యంత్రానికి పేటెంటు పొందారు. దాన్ని కొలిములకూ గనులకూ వాడారు, కార్లు అప్పటికి పుట్టనేలేదు. ఇలా గాలిని ఇంజనులోకి నెట్టే యంత్రం, ఇంజను తిప్పే బెల్టుతో నడిస్తే అది సూపర్‌ఛార్జర్. పొగగొట్టంలోంచి పోయే వేడి వాయువులతో తిరిగితే టర్బో. దానికి స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బూచి 1905లో పేటెంటు పొందాడు. 1921లో మెర్సిడెస్ సంస్థ సూపర్‌ఛార్జర్ కార్లను బెర్లిన్ ప్రదర్శనలో జనానికి చూపింది.

రోహిణి కార్తెలో లెక్క తప్పుతుంది

సూపర్‌ఛార్జర్ 7 పౌన్ల పీడనం అదనంగా ఇస్తే గాలి 48 శాతం పెరగాలి. కాగితం మీద లెక్క ఇదే. కానీ సైకిలు పంపు కొడితే గొట్టం వేడెక్కినట్టే, నొక్కిన గాలీ వేడెక్కుతుంది. రోహిణి కార్తెలో 40 డిగ్రీల గాలిని మామూలు సామర్థ్యం ఉన్న సూపర్‌ఛార్జర్ నొక్కితే అది దాదాపు 100 డిగ్రీలకు చేరుతుంది. వేడి గాలి పలచన. అంటే సిలిండరులోకి నిజంగా అదనంగా వెళ్లేది 24 శాతం లోపే! పోయిన సగాన్ని చాలావరకు తిరిగి తెచ్చేది, ఆ గాలిని చల్లార్చే ఇంటర్‌కూలరే. మన ఎండల్లో అది సోకు కాదు, అవసరం.

యుద్ధం గెలిపించిన గాలి

రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్ స్పిట్‌ఫైర్ విమానాలకు అమర్చిన మెర్లిన్ ఇంజను పరిమాణం 27 లీటర్లు. మొదట్లో దాని శక్తి సుమారు 1,030 హార్స్‌పవర్. యుద్ధం ముగిసేనాటికి అదే 27 లీటర్ల నుంచి 2,000కు పైగా రాబట్టారు. ఇంజనీరు స్టాన్లీ హూకర్ సూపర్‌ఛార్జర్‌కు మెరుగులు దిద్దాడు; అకాలంగా పేలకుండా ఓర్చుకునే 100 ఆక్టేన్ ఇంధనం అందింది; లోపలి భాగాలను గట్టిపరుస్తూ పోయారు. ఈ మూడూ కలిస్తేనే ఆ ఫలితం. మన దగ్గర సాధారణ పెట్రోలు ఆక్టేన్ అంతకన్నా తక్కువేనని గుర్తుంచుకోవాలి.

కంపెనీ స్థాపించినవాడే వద్దన్నాడు

బెంట్లీ నాలుగున్నర లీటర్ల కారుకు సూపర్‌ఛార్జర్ పెట్టడం ఆ సంస్థను స్థాపించిన డబ్ల్యూ.ఓ. బెంట్లీకి ఇష్టం లేదు. అయినా పందెపు ఇంజను 130 నుంచి 240 హార్స్‌పవర్‌కు చేరింది. 1930 లె మాన్ కార్ల పందెంలో ఆ కార్లు మధ్యలోనే ఆగిపోయాయి. గెలిచింది సూపర్‌ఛార్జర్ లేని, ఆరున్నర లీటర్ల బెంట్లీయే.

రైల్వే చూపిన ఓపిక

మన రైల్వేలో అల్కో డీజిల్ ఇంజను కథ ఇంకా గొప్పది. డబ్ల్యూడీఎం-2 లోకోలోని 16 సిలిండర్ల ఇంజను శక్తి 2,600 హార్స్‌పవర్. ఆ కుటుంబపు ఇంజనునే డబ్ల్యూడీఎం-3ఏలో 3,100కు, తర్వాత డబ్ల్యూడీఎం-3డీలో 3,300కు తెచ్చారు. 2,600 నుంచి 3,100 అంటే పెంపు 19 శాతమే. అందుకోసం మెరుగైన టర్బో, పెద్ద కూలరు, పెద్ద ఇంధన పంపులు, ఉక్కు టోపీ పిస్టన్లు, దృఢమైన క్యామ్‌షాఫ్ట్ వేశారు. ఇంత పెద్ద సంస్థే అన్నీ మార్చాక ఆ మేరకు పెంచితే, మనం ఒక్క కిట్టు బిగించి రెట్టింపు ఆశించడం న్యాయమా?

కంపెనీ చేస్తే వేరు

మారుతి ఆల్టో కే10 కారులో 998 సీసీ, మూడు సిలిండర్ల ఇంజను సుమారు 67 హార్స్‌పవర్ ఇస్తుంది. అదే సంస్థ ఫ్రాంక్స్ కారులోని 998 సీసీ, మూడు సిలిండర్ల టర్బో ఇంజను సుమారు 100 ఇస్తుంది. సీసీ ఒకటే అయినా ఇంజను ఒకటి కాదు. రెండోదాన్ని టర్బో కోసమే రూపొందించారు; పెట్రోలును నేరుగా సిలిండరులోకే చిమ్మే ఏర్పాటూ ఉంది.

ముందు విరిగేది వేలెడంత ముక్క

పిస్టన్ రింగు చివరల మధ్య అర మిల్లీమీటరు కూడా ఉండని సందు వదులుతారు. వేడికి రింగు సాగితే ఆ సందు కాపాడుతుంది. సూపర్‌ఛార్జర్ వేడికి రింగు ఇంకా సాగి రెండు చివరలూ ఒకదాన్నొకటి తన్నుకుంటే, రింగు పట్టేసి పిస్టన్ అంచు పెళ్లగిస్తుంది. దీనికి తోడు నాకింగ్, అంటే ఇంధనం అకాలంగా పేలడం, మొదలైతే మరీ ప్రమాదం. అనుభవమున్న మెకానిక్ స్పార్క్ ప్లగ్ విప్పి, తెల్లటి పింగాణీ మీద వెండి రంగులో మిరియపు పొడిలాంటి చుక్కలు ఉన్నాయేమో వెతుకుతాడు. ఆ చుక్కలు కరిగిన పిస్టన్ అల్యూమినియం. అవి కనిపించాక బండి తిప్పకూడదు.

మరి హద్దు ఎంత?

కంప్రెషన్ నిష్పత్తి (పిస్టన్ గాలిని ఎన్నో వంతుకు నొక్కుతుందో చెప్పే అంకె) 9 దగ్గర ఉండి, రింగులూ వాల్వులూ ఆరోగ్యంగా ఉన్న పెట్రోలు ఇంజనుకు ఇంటర్‌కూలరుతో 6, 7 పౌన్ల దాకా సాధారణంగా క్షేమం. అంటే మూలశక్తి మీద మూడోవంతు అదనం. వందకు 130, 135. నిష్పత్తి 11 దాటిన నేటి ఇంజన్లకు ఇదీ ఎక్కువే. ఇంధనం, స్పార్కు సమయం కొత్త గాలికి తగ్గట్టు మార్చాల్సిందే. క్లచ్చు, గేరుబాక్సు, బ్రేకులు ఆ భారం మోయగలవో లేదో కూడా చూడాలి.

చట్టం మాట

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. బీమా సంస్థకు చెప్పని మార్పు ప్రమాదం రోజున క్లెయిముకు అడ్డం పడవచ్చు.

ఎంత చెట్టుకు అంత గాలి అన్నారు పెద్దలు. మీ ఇంజను ఏ చెట్టో ముందు కొలిపించండి: కంప్రెషన్ పరీక్ష చేయించండి, ప్లగ్గులు చూపించండి, ఆర్టీవో కార్యాలయంలో అడగండి. వేగం మీద మోజు తప్పు కాదు. దాన్ని అనుమతి ఉన్న ట్రాక్ మీద, అందుకు కట్టిన ఇంజనుతో తీర్చుకోండి. మన ఊళ్ల మధ్య సాగే రహదారి మీద మాత్రం కంపెనీ ఇచ్చిన బలం చాలు.