తలకు గురిపెడితే శిక్ష ఎందుకు?

పత్తర్‌గట్టి వెనుక గల్లీల్లో రబ్బరు బంతితో క్రికెట్ ఆడేటప్పుడు బంతి తలకు తగిలితే పిల్లలు నవ్వి ఊరుకుంటారు. అసలైన తోలు బంతిని తల మీదికి విసిరితే మాత్రం అంపైరు ఊరుకోడు. ఫాస్ట్ బౌలరు పని వేగంగా వేయడమే గదా! మరి అతనికి శిక్ష ఎందుకు?

బంతిలో దాగిన శక్తి

క్రికెట్ బంతి బరువు సుమారు 160 గ్రాములు. అది గంటకు 140 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు దాదాపు 39 మీటర్ల వేగంతో వస్తోందనుకోండి. అప్పుడు దాని గతిజశక్తి సుమారు 120 జౌళ్లు. ఒక కిలో రాయిని 12 మీటర్ల ఎత్తు నుంచి వదిలితే నేలను తాకేటప్పుడు దానికి ఉండే శక్తి కూడా దాదాపు ఇంతే. వేగం రెట్టింపయితే గతిజశక్తి నాలుగు రెట్లవుతుంది.

పిచ్‌పై పడి పైకి లేచే బౌన్సరుకు నేల తగిలినప్పుడు కొంత వేగం తగ్గుతుంది. బంతి ఎక్కడ పడిందో చూసి బ్యాట్స్‌మన్ తప్పుకోవచ్చు. నేల తాకకుండా నేరుగా తల మీదికి వచ్చే బీమరు అలాంటిది కాదు. బ్యాట్స్‌మన్ బంతి నేల మీద పడుతుందని ఎదురుచూస్తుంటాడు. అర సెకను కూడా లేని ఆ వ్యవధిలో కన్ను చూసి, మెదడు నిర్ణయించి, శరీరం కదలడం చాలా కష్టం.

గిల్‌క్రిస్ట్ కథ

వెస్టిండీస్ ఫాస్ట్ బౌలరు రాయ్ గిల్‌క్రిస్ట్ 13 టెస్టుల్లో 57 వికెట్లు తీశాడు. 1958-59లో వెస్టిండీస్ జట్టు మన దేశానికి వచ్చినప్పుడు అమృత్‌సర్‌లో నార్త్ జోన్‌తో ఆడింది. ఆ మ్యాచ్‌లో అతడు స్వరణ్‌జిత్ సింగ్‌పై బీమర్లు వేశాడు. కెప్టెన్ గెర్రీ అలెగ్జాండర్ వద్దని చెప్పినా వినలేదు. ఫలితంగా అతణ్ణి ఇంటికి పంపేశారు. ఆ తర్వాత అతడు మరొక టెస్టు ఆడలేదు.

విచిత్రమేమంటే, అదే గిల్‌క్రిస్ట్ 1962-63లో మన హైదరాబాద్ జట్టు తరఫున రంజీ ట్రోఫీ ఆడాడు! 1962లో వెస్టిండీస్‌లో మన జట్టు అయిదు టెస్టుల్లోనూ ఓడిపోయింది. మనవాళ్ళకు వేగానికి అలవాటు కావాలని బోర్డు నలుగురు వెస్టిండీస్ బౌలర్లను రప్పించింది. వారిలో అతడొకడు. దీన్నిబట్టి ఏం తెలుస్తోంది? వేగం నేరం కాదు, దానిని నేర్చుకోవాలి కూడా. ఎదుటివాడికి తప్పించుకునే వీలు లేకుండా చేయడమే నేరం.

గాజుల పెట్టె

పత్తర్‌గట్టికి దగ్గరలోనే ఉన్న లాడ్ బజారులో గాజులు అమ్ముతారు. గాజుల పెట్టెను గట్టిగా కుదిపితే పెట్టెకు సొట్ట పడకపోయినా లోపల గాజులు పగులుతాయి. మన తల కూడా అలాంటిదే. సుమారు 1.4 కిలోల మెదడు పుర్రె లోపల ఒక ద్రవంలో తేలుతుంటుంది. దెబ్బ తగిలినప్పుడు పుర్రె ఒక్కసారిగా కదులుతుంది. జడత్వం వల్ల మెదడు వెనుకబడి, ఆ వెంటనే పుర్రెకు తగులుకుంటుంది. తల గిర్రున తిరిగితే నాడీ తంతువులు సాగిపోతాయి. దీన్నే కంకషన్ అంటారు.

1962 మార్చిలో బార్బడోస్‌లో చార్లీ గ్రిఫిత్ బంతి తగిలి మన కెప్టెన్ నారీ కాంట్రాక్టర్ పుర్రె చిట్లింది. శస్త్రచికిత్సతో ప్రాణం దక్కింది గాని, అతడు మళ్ళీ టెస్టు ఆడలేదు. అప్పట్లో హెల్మెట్లు లేవు. నేటి హెల్మెట్ పుర్రెను చాలావరకు కాపాడుతుంది. కాని లోపల మెదడు కదలకుండా పూర్తిగా ఆపలేదు. హెల్మెట్ చేయలేని పనిని నిబంధన చేయాలి.

శిక్షల లెక్క

నేల తాకకుండా నడుముకు పైన వచ్చే బంతి నోబాల్. అది ప్రమాదకరమని అంపైరు భావిస్తే మొదటిసారి హెచ్చరిస్తాడు. రెండోసారి అలాగే వేస్తే ఆ ఇన్నింగ్స్‌లో బౌలింగ్ నుంచి తప్పిస్తాడు. 2003 ప్రపంచకప్‌లో ఆస్ట్రేలియాపై ఆడుతూ పాకిస్తాన్ కెప్టెన్ వకార్ యూనిస్‌కు ఇదే జరిగింది. బంతి తగిలి గాయమయ్యేదాకా ఆగనక్కరలేదు, ప్రమాదం ఉంటే చాలు!

మంచుపై ఆడే ఐస్ హాకీలో ఆటగాళ్ళే ఒకరినొకరు ఢీకొంటారు. భుజంతో ఢీకొనడం ఆటలో భాగమే. కాని తలకు గురిపెట్టే దెబ్బలను ఉత్తర అమెరికాలోని నేషనల్ హాకీ లీగ్ 2010లో ప్రత్యేక నిబంధనతో నిషేధించింది. 2011లో ఇందుకోసం ఒక విభాగాన్నే ఏర్పాటు చేసింది. చిన్న తప్పుకు జరిమానా, పెద్ద తప్పుకు కొన్ని మ్యాచ్‌ల నిషేధం. లక్షల డాలర్లు సంపాదించేవాడికి జరిమానా చీమకాటు వంటిది. నిషేధం పడితే జీతం పోతుంది, జట్టు కూడా నష్టపోతుంది. దెబ్బవల్ల వచ్చే లాభంకంటే శిక్షవల్ల వచ్చే నష్టం ఎక్కువయినప్పుడే ఆటగాడు ముందుగా ఆలోచిస్తాడు.

మీరేం చేయాలి?

ఆటలో ఎవరికైనా తలకు దెబ్బ తగిలితే, స్పృహ తప్పకపోయినా సరే, ఆ రోజుకు ఆట ఆపించండి. తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి, తికమక మాటలు కనిపిస్తే వెంటనే పెద్దలకు చెప్పి వైద్యుని దగ్గరకు తీసుకెళ్ళండి. 2019 నుంచి అంతర్జాతీయ క్రికెట్‌లో కంకషన్ అయిన ఆటగాడి స్థానంలో మరొకరిని ఆడనిస్తున్నారు. ఆటలో బదులు ఆటగాడు దొరుకుతాడు. మెదడుకు మాత్రం బదులు లేదు!