పాత్ర ప్రేరణ, పాత్ర పరిణామం: 'ఏలియన్' చిత్రం ఆధారంగా

పాత్ర ఏం కోరుకుంటోంది, ఎందుకు కోరుకుంటోంది అన్నది ప్రేరణ. కథ మొదట్లో మనం చూసిన మనిషికీ, చివర్లో మిగిలిన మనిషికీ మధ్య వచ్చిన తేడా పరిణామం. ఈ నిర్వచనాలు రాయడం తేలికే. ఒక సినిమాను ముందు పెట్టి వాటిని అందులో చూపించమంటేనే చిక్కు వస్తుంది. అందుకని ఈ పాఠంలో ఒకే ఒక చిత్రాన్ని తీసుకుందాం. అది 1979లో రిడ్లీ స్కాట్ దర్శకత్వంలో వచ్చిన 'ఏలియన్'. వైజ్ఞానిక కల్పన, భయానకం రెండూ కలిసిన చిత్రం.

నేను జవాబు పత్రాలు దిద్దిన రోజుల్లో ఈ సినిమా గురించి ఒక వాక్యం పదేపదే కనిపించేది: రిప్లీ మొదట పిరికిది, చివరికి ధైర్యవంతురాలైంది. ఈ వాక్యానికి నేను ఏనాడూ సగం మార్కులకు మించి వేయలేదు. ఎందుకో మీరే చూడండి.

ముందు కథ. నోస్ట్రోమో అనే నౌక రెండు కోట్ల టన్నుల ఖనిజాన్ని లాక్కుంటూ భూమికి తిరిగి వస్తుంటుంది. అందులో ఏడుగురు సిబ్బంది, జోన్స్ అనే పిల్లి ఉంటారు. దారిలో ఒక నిర్జన గోళం నుంచి సంకేతం అందుతుంది. నౌకలోని కంప్యూటర్ సిబ్బందిని దీర్ఘనిద్ర నుంచి లేపుతుంది. దిగి చూడబోయిన ముగ్గురిలో కేన్ ముఖానికి ఒక వింత ప్రాణి అతుక్కుంటుంది. అది అతని ఒంట్లో పెట్టిన పిండం తర్వాత ఛాతీ చీల్చుకుని బయటికి వస్తుంది, గంటల్లోనే పెరిగి ఒక్కొక్కరినీ మట్టుపెడుతుంది. చివరికి రిప్లీ, పిల్లి మిగులుతారు.

భయానక చిత్రం చూసే ప్రతివాడూ అడిగే ప్రశ్న ఒకటుంది: అంత ప్రమాదమని తెలిసి ఆ ఇంట్లోకి ఎందుకు పోయారు? నాసిరకం సినిమాలు దీనికి జవాబు చెప్పవు. ఇక్కడ జవాబు గట్టిగా ఉంది. వీళ్లు వీరులు కారు, జీతగాళ్లు. పార్కర్, బ్రెట్ నిద్ర లేచీ లేవగానే తమ వాటా తక్కువని గొణుగుతారు. సంకేతం సంగతి తెలిసినప్పుడు, అది తమ పని కాదని పార్కర్ అంటాడు. వెంటనే సైన్స్ అధికారి యాష్ ఒప్పందంలోని షరతు గుర్తుచేస్తాడు. సంకేతం అందితే విచారించాలి, లేకపోతే మొత్తం వాటా పోతుంది. వాళ్లను ఆ గోళం మీద దింపింది కుతూహలం కాదు, జీతం కోత.

మరో విశేషం. మనకు అలవాటైన సినిమాల్లో కథానాయకుడెవరో మొదటి పది నిమిషాల్లోనే తెలిసిపోతుంది. ఇక్కడ తెలియదు. మాటతీరు చూస్తే కెప్టెన్ డాలస్ అనిపిస్తాడు, చొరవ చూస్తే కేన్ అనిపిస్తాడు. రిప్లీ ఏడుగురిలో ఒకతె, అంతే. డాన్ ఓబానన్, రొనాల్డ్ షూసెట్ రాసిన తొలి ప్రతిలో సిబ్బంది పాత్రలను స్త్రీలైనా పురుషులైనా వేయవచ్చని సూచన ఉంది. ఆ పాత్రల గుర్తింపు వాళ్లు చేసే పనిలో ఉంది.

తలుపు దగ్గర

ఇప్పుడు అసలు సన్నివేశానికి వద్దాం. ముఖానికి ప్రాణి అతుక్కున్న కేన్‌ను మోసుకుని డాలస్, లాంబర్ట్ నౌక తలుపు దగ్గరికి వస్తారు. లోపల అధికారం రిప్లీది. ఆమె తలుపు తెరవనంటుంది. 24 గంటలు క్వారంటైన్‌లో ఉండాలన్నది నియమం. తెరిస్తే అందరూ చావవచ్చు. కెప్టెన్ ఆజ్ఞాపించినా ఆమె కదలదు. తలుపు తెరిచేది యాష్.

మొదటిసారి చూసినప్పుడు మన సానుభూతి యాష్ వైపే పోతుంది. ఒక కౌన్సెలింగ్ తరగతిలో ఇదే అన్నారు చాలామంది, రిప్లీకి జాలి లేదని. వెనక బెంచీలో కూర్చున్న ఒక నర్సమ్మ మాత్రం ఒప్పుకోలేదు. ఐసొలేషన్ వార్డు బయట బంధువులు ఏడుస్తుంటే లోపలికి పంపకుండా నిలబడటం ఎంత కష్టమో మీకు తెలియదు సార్ అంది. నేను ఆ సన్నివేశం గురించి అంతవరకు చెప్పిన పాఠాలన్నిటికంటే ఆ మాట మేలు.

పిరికితనం ఇక్కడ ఎక్కడుంది? కెప్టెన్‌ను ఎదిరించి, స్నేహితుల ముందు నిర్దయురాలిగా నిలబడింది రిప్లీ. ఆమె ప్రేరణ ఒక నమ్మకం: నియమం మనుషుల్ని కాపాడటానికే ఉంది. ధైర్యం ఆమెకు మొదటి నుంచీ ఉంది. మారేది ఈ నమ్మకమే.

డాలస్ చనిపోయాక అధికారం ఆమె చేతికి వస్తుంది. కంప్యూటర్‌ను నేరుగా ప్రశ్నించే అవకాశం దొరుకుతుంది. అక్కడ బయటపడుతుంది కంపెనీ రహస్య ఆదేశం: ఆ ప్రాణిని తేవాలి, సిబ్బంది పోయినా ఫరవాలేదు. తాను ఎవరి నియమాల కోసం పట్టుబట్టిందో, వాళ్ల లెక్కలో తానే లేదు. కథ విరిగేది ఈ చోటే. రాక్షసప్రాణి కనబడిన చోట కాదు.

యాష్ మనిషి కాదని, కంపెనీ పెట్టిన యంత్రమని ఆ వెంటనే తెలుస్తుంది. ఇప్పుడు తలుపు సన్నివేశం మరోసారి చూడండి. మనం జాలి అనుకున్నది ఆదేశపాలన. యాష్‌కు ప్రేరణ ఉంది కానీ పరిణామం లేదు. మారేది అతని గురించి మన అవగాహన. పరీక్షలో ఈ తేడా రాసినవారు చాలా తక్కువ.

పార్కర్‌ను డబ్బు మనిషిగా కొట్టిపారేయకండి. ప్రాణి లాంబర్ట్ ఎదుట నిలిచినప్పుడు అతని చేతిలో నిప్పుల తుపాకి ఉంది. లాంబర్ట్ అడ్డుగా ఉంది కాబట్టి పేల్చడు. తప్పుకోమని అరుస్తాడు, ఆమె భయంతో బిగుసుకుపోతుంది, చివరికి తానే మీదపడి చనిపోతాడు. వాటా కోసం పోట్లాడిన మనిషి అతనే.

ఇక పిల్లి. చిన్న నౌకలో తప్పించుకునే ముందు రిప్లీ జోన్స్ కోసం వెతుకుతుంది, పెట్టెలో పెట్టి మోస్తుంది. దారిలో ప్రాణి ఎదురైతే పెట్టె వదిలి పారిపోతుంది, మళ్లీ వచ్చి తీసుకుంటుంది. నౌక పేలబోతోంది, క్షణాలే ఉన్నాయి. స్నేహితుడికి తలుపు తెరవని మనిషి ఇప్పుడు పిల్లి కోసం ఆగుతోంది. ఏ నియమంలోనూ ఇది లేదు. ఆమె పరిణామానికి ఇంతకంటే మంచి ఆధారం సినిమాలో నాకు దొరకలేదు.

ఆమెకు కుటుంబం ఉందా, గతమేమిటి? ఈ చిత్రం ఒక్క ముక్క చెప్పదు. 1986లో జేమ్స్ కామెరాన్ తీసిన 'ఏలియన్స్'లో రిప్లీ 57 ఏళ్లు నిద్రలో ఉండగా ఆమె కూతురు చనిపోయిందని తెలిసే సన్నివేశం చిత్రీకరించారు. విడుదలప్పుడు దాన్ని తీసేశారు, తర్వాత వచ్చిన ప్రత్యేక ప్రతిలో చేర్చారు. అది బాగుందనేవారే ఎక్కువ. నాకు మాత్రం లేకపోయినా లోటనిపించలేదు. గతం చెబితేనే ప్రేరణ తెలుస్తుందని అనుకోనక్కరలేదు, ఒత్తిడిలో తీసుకున్న నిర్ణయం చాలు.

అభ్యాసం

చివరి సన్నివేశంలో రిప్లీ అధికారిక నివేదిక నమోదు చేస్తూ చనిపోయిన సిబ్బంది పేర్లు చదువుతుంది. అందులో తనను చంపబోయిన యాష్ పేరు కూడా ఉంటుంది. ఆ పేరు ఎందుకు చదివి ఉంటుంది? ఆమెలో ఏది మారింది, ఏది మారలేదు? సన్నివేశాన్ని రెండుసార్లు చూసి, ఇరవై వాక్యాలకు మించకుండా రాయండి.