తడి చేతికి పట్టే జిగురు

గుంటూరు, ప్రకాశం చేలల్లో పత్తి తీసేవాళ్ల వేళ్లకు గాయాలు తప్పవు. ఎండిన పత్తికాయ మొనలు గోళ్ల పక్కన గుచ్చుకుని చీరేస్తాయి. అదే చేత్తో మిరపకోతకు వెళ్తే ఆ మంట చెప్పనలవి కాదు. కట్టిన గుడ్డ చెమటకు ఊడిపోతుంది.

గుడ్డకు బదులు గాయాన్ని అతికించే, తడిలోనూ పట్టు వదలని జిగురు తయారుచేయడం ఎందుకంత కష్టం? జిగురు నేరుగా చర్మాన్ని తాకితేనే అంటుకుంటుంది. రక్తం, చెమట ఆ మధ్యలో పొరలా అడ్డుపడతాయి. అంటుకున్నా వేలు మడిచినప్పుడల్లా అదీ సాగాలి, లోపలి కణాలకు హాని చేయకూడదు.

ఇప్పుడు ఆస్పత్రుల్లో చర్మం అతికించడానికి వాడేది సైనోఅక్రిలేట్ రకం. అమెరికా దీనికి 1998లో అనుమతినిచ్చింది. హైదరాబాద్‌లో కాంకర్డ్ డ్రగ్స్ సంస్థ ఆమ్‌క్రిలేట్ పేరుతో ఈ రకం జిగురునే తయారుచేసింది. తేమ తగలగానే గట్టిపడటం దీని బలం. గట్టిపడ్డాక పెళుసుగా ఉంటుంది కాబట్టి కదిలే కీళ్ల మీద నిలవదు. కొట్లో దొరికే ఇన్‌స్టంట్ గమ్మూ ఈ కుటుంబానిదే, కానీ ఒంటికి వాడేందుకు చేసింది కాదు. దాన్ని గాయం మీద పోయకండి.

అందుకే పరిశోధకులు మొక్కలవైపు చూస్తున్నారు. మామిడి కొమ్మల మీద బదనిక చూసే ఉంటారు. పిట్టలు దాని పండు తిని, గింజను వదిలించుకోవడానికి కొమ్మకు రాస్తాయి. గింజ చుట్టూ ఉన్న బంక దాన్ని బెరడుకు అతికిస్తుంది. ఐరోపాలో దీనికి చుట్టమైన మిసిల్‌టో పండు బంకను కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో మాథ్యూ హారింగ్టన్ బృందం పరిశీలించి, 2022లో ఫలితాలు ప్రకటించింది. ఒక్క పండు బంక 2 మీటర్ల దాకా దారంగా సాగుతుంది. అది చర్మానికీ, మృదులాస్థికీ అంటుకుంది.

నన్ను కట్టిపడేసింది ఆ దారంలోని సరుకు. అది సెల్యులోజ్. మన దూదిలో దాదాపు 90 శాతం ఉన్నదీ అదే! సన్నని సెల్యులోజ్ పోగులు తడి బంకలో ఒదిగి ఉంటాయి. లాగితే అవన్నీ ఒకే వరసలోకి వస్తాయి, ఆరితే బిగుసుకుంటాయి. బలం పోగుది, పట్టు బంకది. అయితే మళ్లీ తేమ తగిలితే ఆ దారం మెత్తబడుతుంది. తీసేయడానికి అది వీలే, రక్తం కారే గాయానికి మాత్రం చిక్కే.

గోడలెక్కే ఐవీ తీగది వేరే దారి. దాని జిగురులో అతి సూక్ష్మమైన గుండ్రటి రేణువులుంటాయని, అవి పగుళ్లలోకి పాకి, కాల్షియం సాయంతో పెక్టిన్ అనే పదార్థంతో ముడిపడతాయని అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయ బృందం 2016లో చూపింది. ఆ రేణువుల్లో ఉన్నది చక్కెర, ప్రోటీన్ కలగలిసిన పదార్థం. ఆ జాతి పదార్థమే మన తుమ్మజిగురులోనూ ఉంది.

అలాగని తుమ్మజిగురును గాయానికి పూయకూడదు. చెట్టు మీది బంకలో దుమ్మూ, సూక్ష్మజీవులూ ఉంటాయి. ఏ మొక్క జిగురైనా శుద్ధి చేసి, జంతువుల మీదా, తర్వాత మనుషుల మీదా పరీక్షించాకే వైద్యానికి రావాలి. ఆ పరీక్షల్లో చెమటోడ్చే చేతులకూ, మిరప ఘాటుకూ చోటుండాలని నా కోరిక. ఈలోగా చేలో చెయ్యి తెగితే శుభ్రమైన నీళ్లతో కడిగి, గుడ్డతో అదిమిపట్టండి. ధనుర్వాతం టీకా సంగతి ఆరోగ్య కేంద్రంలో అడగండి. లోతుగా తెగితే కుట్లు వేయించుకోవాల్సిందే.